పీసుకు ఆరు రూపాయలు

ఆరు రూపాయలకు ఆస్పత్రి బెడ్‌షీటు ఉతకొచ్చా అని ఎవరన్న అడిగితే ఉతకొచ్చు అనే చెప్త. మేం ఉతికినం. ఆ ఆరు రూపాయలల్ల ఏమేం ఉన్నయో, ఏం లేవో చెప్పాలని ఇది రాస్తున్న.

మాది సూర్యాపేట పక్కన చివ్వెంల. చాకలోల్లం. మా మామ ఉన్నప్పుడు ఊర్ల ఇండ్లకు ఉతికెటోల్లు, పంట ఇంటికొచ్చినంక గింజలు కొలిచి పోసెటోల్లు. నేను కోడలుగ వచ్చేనాటికి సగం ఇండ్లల్ల గింజలు ఆగిపోయినయి, మిగిలిన ఇండ్లల్ల వాషింగ్ మిషన్లు దిగినయి. ఇగ మిగిలింది ఇస్త్రీ. దాంతోని ఇల్లు నడవదని టౌనుకు పోయి పని అడుక్కున్నం. ముందు హైవే మీద ఒక లాడ్జి దొరికింది, తర్వాత ఒక ప్రైవేటు నర్సింగ్ హోము. వాళ్ల పేర్లు రాయను. పేర్లు మారినా లెక్క మారదు.

లాడ్జి బట్టలు సులువు. నూనె మరక, పాన్ మరక, అంతే. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే రోడ్డు గనక రూములకు గిరాకీ ఉంటది. మా మండలంలనే దురాజ్‌పల్లి గట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేండ్లకోసారి జరుగుతది. 2023 ఫిబ్రవరిల జాతర అయిన అయిదు రోజులు లాడ్జోల్లు పొద్దున ఒక మూట, పొద్దుమీకి ఒక మూట పంపిన్రు. జాతరప్పుడు హైవే మీద బండ్లను వేరే దారికి మళ్లిస్తరు గనక మా ఆయన ట్రాలీ ఆటోను ఊర్ల మీదికెల్లి తిప్పుకొని తెచ్చేది. ఆ పైసలు చేతిలున్నప్పుడే నర్సింగ్ హోము మేనేజరు కబురు పంపిండు.

ఆయన మంచిగనే మాట్లాడిండు. కుర్చీ ఏపిచ్చిండు, టీ తెప్పిచ్చిండు, తన లెక్క కూడ దాచలే. ఆస్పత్రిలనే ఉతుకుడు పెట్టుకుంటే పెద్ద మిషన్ కావాలె, ఇద్దరు మనుషులు కావాలె, ఒకరు రాకపోతే ఇంకొకరిని చూడాలె, ఈఎస్ఐ కట్టాలె, దసరాకు బోనసు ఇయ్యాలె, పైన టెర్రస్ అంతా బట్టలతోనే నిండుతది. బయటికిస్తే నెలకు ఒక్క బిల్లు. "మంచాలు నిండకపోతే నీ బిల్లు తగ్గుతదమ్మా, జీతాలు అట్ల తగ్గయి కద" అన్నడు. వ్యాపారం చేసేటోడు చెప్పాల్సిన మాటే అది. నాకేం తప్పనిపించలే.

రేటు పీసుకు ఆరు రూపాయలు. ఇస్త్రీ లేదు, మడత పెట్టి ఇస్తే చాలు. షీటైన, దుప్పటైన, దిండు గలీబైన, ఆపరేషన్ థియేటర్ ఆకుపచ్చ గుడ్డైన, డాక్టరమ్మ కోటైన ఒక్కటే పీసు. నేను కిలో లెక్క అడిగిన. ఎందుకంటే షీటు అరకిలో తూగుతది, గలీబు వంద గ్రాములు కూడ ఉంటదో ఉండదో. వాళ్లకాడ గలీబులు తక్కువ, షీట్లు, దుప్పట్లు ఎక్కువ. తడి బట్ట బరువొస్తది, తూకంల పంచాయితీ అయితది అన్నడు. ఉతికి ఆరినంక తూగుదామన్న. రిజిస్టరు పీసుల లెక్కన ఉన్నది, మార్చుడు కష్టం అన్నడు. రిజిస్టరు కోసం మేం సర్దుకున్నం.

ఇంటర్ దాక చదివిన, నోటుబుక్కుల రాసుకునే అలవాటుంది. వంద పీసులకు ఆరు వందలు వస్తయి. సబ్బు పొడి, సోడా, బ్లీచింగు కలిపి నూట ఇరవై. కరెంటు, బోరు మోటరు యాభై. ట్రాలీ డీజిలు ఎనభై. పిండి ఆరేసేటందుకు పిలిచే మనిషికి రెండు వందలు. మిగిలేది నూట యాభై. రోజుకు నూట యాభై పీసులు వస్తే మా అత్తకు, నాకు కలిపి రెండు వందల ఇరవై అయిదు. మా ఆయన బండి నడిపినదానికి ఏమీ లేదు. ఆ ఏడు తెలంగాణల ఉపాధి హామీ కూలి ఒక్క మనిషికి 272 రూపాయలు. మరి మట్టి పనికే పోవచ్చు కద అంటరు. అప్పుడు ఉపాధి పని ఏడాదికి వంద రోజులని రాసిపెట్టినా అన్ని రోజులు ఎక్కడ దొరికేది. ఆస్పత్రి మంచాలు రోజూ మాస్తయి.

కరెంటుకు యాభై ఎట్ల సరిపోయిందంటే, 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్లకు, సెలూన్లకు సర్కారు నెలకు 250 యూనిట్లు ఫ్రీగ ఇస్తున్నది. మంచి సాయమే, కాదన. కాని వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది యూనిట్లు, నెలకు 240. లాడ్జి ఇస్త్రీకే ఆ ఫ్రీ అయిపోతది, మోటరుకు, మిషన్‌కు బిల్లు పడుతది. అందుకే మా అత్త ఇప్పటిదాక బొగ్గుల పెట్టె వదల్లే.

ఇగ ఉతుకుడు. రక్తం మరక మీద వేడినీళ్లు పోస్తే అది బట్టల గట్టిపడి కూసుంటది, ఇగ పోదు. ముందు చల్లనీళ్లల్ల నానబెట్టాలె, రక్తం వదిలినంక బ్లీచింగు నీళ్లల్ల అరగంట ఉంచాలె, ఆ తర్వాతనే వేడినీళ్లు, సబ్బు. మా బోరు నీళ్లు సప్పటి నీళ్లు కావు, సబ్బు నురగ రాదు, లాడ్జి బట్టకు పోసినదానికి ఒకటిన్నరంత పొయ్యాలె. గాయాలకు పూసే గోధుమరంగు మందు మరక ఒక పట్టాన వదలదు. వదలాలని బ్లీచింగు ఎక్కువ పోస్తే షీటు పోగు చచ్చిపోతది, కొన్నాళ్లకు నడుమ పిగులుతది. పిగిలితే షీటు ధర మా బిల్లుల కోస్తరు. మరక ఉంటే వాపస్ పంపుతరు, ఆ పీసు లెక్కల రాదు. అంటే మరక పొయ్యేదాక రుద్దాలె, బట్ట మాత్రం అరగొద్దు.

మా అత్తకు రక్తం బట్టలు కొత్త కావు. ఊర్ల ఎవరికి పురుడైనా ఆ బట్టలు మాకే వేసెటోల్లు. దానికి వేరే గింజలు, పాత చీర ఉండేటివి. ఆ పద్ధతి గొప్పదని అంటలేను, దాంట్ల ఉన్న వెట్టి మా మామ వీపుకు తెలుసు. ఒక్క తేడా చెప్తున్న. ఆ బట్ట ఏ ఇంటిదో, ఆ బాలింతకు ఏ రోగమున్నదో మా అత్తకు తెలిసేది. నర్సింగ్ హోము మూటల ఏ గుడ్డ ఎవరి కింద పరిచిందో మాకు ఎట్ల తెలుస్తది? ప్రసూతి వార్డుది, ఆపరేషన్‌ది, జ్వరం వార్డుది అన్నీ ఒకే షీట్ల వేసి నాలుగు మూలలు కట్టి ఇచ్చెటోల్లు.

ఇంకోటి కూడ ఆ రేటుల రాదు. మంచానికి మూడు జతల బట్టలన్న ఉండాలె. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకుల్ల, ఒకటి బీరువల. పెద్ద హోటళ్లల్ల నాలుగైదు కూడ పెట్టుకుంటరట. మా నర్సింగ్ హోముకు రెండే ఉన్నయి. మూడో జత కొనకపోతే వాళ్లకు పైసలు మిగిలినయి, ఆ బీరువ ఖాళీ మాత్రం మా రాత్రి పనితోని నిండాలె. పొద్దున ఇచ్చిన మూట పొద్దుమీకి రాకపోతే ఫోన్ల మీద ఫోన్లు. ఎండాకాలం నడిచింది.

2023 జులై ఆఖర్ల తెలంగాణ అంతట వానలు కొట్టినయి, గుర్తుండే ఉంటది. వాగులు పొంగినయి, తోవలు బందైనయి. దండెం మీద బట్ట ఆరే ముచ్చట లేదు. ఇంట్ల ఫ్యాన్ల కింద తాళ్లు కట్టి ఆరేసినం, మేం పండుకునే జాగ లేదు. నర్సింగ్ హోము నుంచి ఒకటే పోరు, మంచాల మీద షీట్లు లేవని. అట్లాంటి రాత్రి కరెంటు పోయింది. ఫోను లైటు గోడకు ఆనిచ్చి నేను మూట ఇప్పి రక్తమున్నవి ఒక దిక్కు, లేనివి ఒక దిక్కు వేస్తున్న. ఆకుపచ్చ గుడ్డ మడత ఇప్పుతుంటే బొటనవేలు కింద కస్సున దిగింది. గుంజి చూస్తే సూది. సిరంజి లేదు, సూది ఒక్కటే, మొదట్ల రక్తం ఎండి నల్లగ ఉన్నది.

మా అత్త పసుపు పెట్టింది. నేను ఆ చేతిని బ్లీచింగు బకెట్ల ముంచిన. మా ఊరి ఆర్ఎంపీ ధనుర్వాతం సూది ఏసిండు. నర్సింగ్ హోము సూపర్‌వైజరుకు ఫోన్ చేస్తే డెట్టాల్ పెట్టి కడుక్కో అన్నడు. అంతటితోని అయిపోయిందనే అనుకున్నం. తెల్లారి మా వాడ ఆశా వర్కరు పిల్లల కార్డుల కోసం ఇంటికొచ్చి, చెయ్యి చూసి, ఏమైందని అడిగి, ఉన్న పాటుగ లేపింది. "అక్కా, ఇది మూడు రోజుల్లోపల చూపియ్యాలె, నడువు" అన్నది.

సూర్యాపేట సర్కారు దవాఖానల కౌన్సెలరమ్మ ముందు గుండె మీద రాయి పడ్డట్టు చెప్పింది, తర్వాత ఆ రాయి మెల్లగ తీసింది. సూది గుచ్చుకున్నప్పుడు సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడగాలె, పిసకొద్దు, బ్లీచింగు, స్పిరిటు పెట్టొద్దు. హెచ్ఐవీ రాకుండ గోలీలు ఉంటయి, గంటల్ల మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే పని చెయ్యయి. 28 రోజులు ఒక్క పూట తప్పకుండ మింగాలె. సర్కారు ఉట్టిగనే ఇస్తది. హెచ్ఐవీ ఉన్న మనిషి సూది గుచ్చుకున్నా అది అంటుకునేది వెయ్యిల ముగ్గురికి. నేను కొంచెం ఊపిరి తీసుకున్న. అప్పుడు ఆమె అడిగింది, హెపటైటిస్ బి టీకా ఎప్పుడన్న ఏయించుకున్నవా అని. లేదన్న. టీకా లేనోల్లకు ఆ రోగమున్న మనిషి సూది గుచ్చుకుంటే నూటికి ముప్పై మంది దాక అంటుకోవచ్చు. నేను హెచ్ఐవీకి వణుకుతున్న, ఆమె భయమంత కామెర్లకు. సి రకానికి టీకానే లేదు, చూసుకుంటుండాలె.

ఆ సూది ఎవరిదో తెలిస్తే సగం బాధ పోయేది. ఆ పేషంటుకు పరీక్ష చేసి ఏమీ లేదని తేలితే నేను గోలీలు ఆపొచ్చు, నిమ్మలంగ పండుకోవచ్చు. నర్సింగ్ హోముకు పోయి అడిగినం. ఆ రోజు థియేటర్ల ఎన్నో కేసులైనయి, ఏ గుడ్డ ఎవరిదో మేమెట్ల చెప్తం అన్నరు. అది నిజమే, వాళ్లకు కూడ తెల్వదు. మరి మీ దవాఖానల నర్సుకు గుచ్చుకుంటే ఏం చేస్తరని మా ఆయన అడిగిండు. రిజిస్టర్ల రాస్తం, రక్త పరీక్ష చేయిస్తం, టీకా ముందే వేసి ఉంటది అన్నరు. "మరి ఈమెకో?" అంటే మేనేజరు నెమ్మదిగనే చెప్పిండు, "ఆమె మా స్టాఫ్ కాదు కద. ఉతుకుడు మీ కాంట్రాక్టు." టీకాతోని పాటు ఇచ్చే ఇంకో ఇంజెక్షను వేలల్ల ఉంటది, దాని ఖర్చు సగమన్న పెట్టమన్నం. ఒప్పుకోలే. మేం కొనలేదు. టీకా ఒక్కటే మొదలుపెట్టినం, మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. మందుల షాపుల ఒక డోసు రెండు వందల లోపే. ఆ ధర విన్ననాడు నాకు సూది గుచ్చుకున్నప్పటి కంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

తర్వాత తెలుసుకున్న. 2016ల వచ్చిన ఆస్పత్రి వ్యర్థాల రూల్సుల సూదులు తెల్లగ కనపడే, గుచ్చుకుంటే చిరగని డబ్బల వెయ్యాలె అని ఉన్నది. ఆ వ్యర్థాలు ముట్టే ప్రతి మనిషికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ఆస్పత్రే వేయించాలె అని కూడ ఉన్నది. రక్తమంటిన షీటు పారేస్తే అది వ్యర్థం, పసుపు సంచుల పోతది, దాన్ని మోసేటామెకు టీకా ఉంటది. అదే షీటు మళ్ల వాడుదామని ఉతుకుడుకు పంపితే అది వ్యర్థం కాదు, మామూలు బట్ట. రక్తం అదే, సూది అదే.

గోలీలు కడుపుల తిప్పినయి, నిద్ర పట్టనియ్యలే. తిండి చూస్తే వాంతి వచ్చేది. మూడు నెలలు జాగ్రత్త పాటించాలె, రక్తం ఇయ్యొద్దు అని చెప్పిన్రు. మా ఆయన ఏమనలే, చాప దూరంగ ఏసుకున్నడు. చిన్నోడు తాగిన గిలాసల నేను తాగితే వానికేమన్న అయితదా అని నాకు దిగులు. అట్ల రాదని తెలిసినా గిలాస వేరే పెట్టుకున్న. పనైతే ఆగలే. మా అత్త, కూలి మనిషి ఉతికిన్రు, నేను ఎడమ చేత్తోని ఆరేసిన.

గోలీల డబ్బ గూట్ల ఉండె. ఇస్త్రీ బట్టలకొచ్చిన ఒకామె దాని మీద పేరు చదివి ఎవరినో అడిగినట్టున్నది. వాడల మాట పాకింది. నాకు ఆ రోగమున్నదని ఒకరు, మా ఆయన డ్రైవరు గనక ఆయన తెచ్చిండని ఇంకొకరు. ఇస్త్రీకి వచ్చే ఇండ్లు ఒక్కొక్కటే ఆగిపోయినయి. లాడ్జోల్లకు ఎవరు చెప్పిన్రో ఏమో, ఇగ మేమే మిషన్ తెచ్చుకుంటున్నం అని మర్యాదగ బందు పెట్టిన్రు. వాళ్లను తిట్టాలనిపించలే. వాళ్లది మనుషులు పండుకునే షీట్ల వ్యాపారం. జాతరకు పీసులు లెక్కపెట్టి ఇచ్చిన లాడ్జి పోయింది, రక్తం మూటలు మాత్రం మిగిలినయి.

ఆరు వారాలకు పరీక్ష, మూడు నెలలకు పరీక్ష, ఏమీ లేదు. 2024 జనవరి ఆఖర్ల మూడో డోసు, అప్పుడు మళ్ల పరీక్ష. అన్నీ లేవనే వచ్చినయి. ఆ కాగితాలు చూపిచ్చుకుంట ఇల్లిల్లు తిరుగుతవా అని మా అత్త కోప్పడ్డది. తిరగలే.

ఆ నడుమల మేం ఇంకో సూది కనపడకుండ చూసుకోవాలె కద. మా ఆయన పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి మూట మీద తిప్పిండు. పనికిరాలే. సూదులు స్టీలువి, అయస్కాంతానికి సరిగ అంటుకోవు. మందం రబ్బరు గ్లౌజులు కొన్నం, పొడుగు పటకారు కొన్నం, ప్రతి గుడ్డ పటకారుతోని దులిపి పెడుతుంటే పని రెండింతలైంది. ఇవన్నీ నోటుబుక్కుల కొత్త పేజీ మీద రాసుకున్న. గ్లౌజులు, పటకారు, ముగ్గురికి టీకాలు, నేను పనికి పోని రోజులు, దవాఖాన తిరుగుడు, పోయిన లాడ్జి, పోయిన ఇండ్లు. అన్నీ పీసుల మీద పంచితే ఆరు రూపాయలు పదకొండు దాటింది. అందుల నా నిద్ర రాయలే.

ఆ పేజీ పట్టుకొని మేనేజరు కాడికి పోయిన. పన్నెండు అడిగిన. రక్తం బట్టలు వేరే సంచిల కట్టాలె, సంచి మీద వార్డు పేరు, తారీకు ఉండాలె, మూడో జత బట్టలు కొనాలె, మా ముగ్గురి టీకా ఖర్చు ఆస్పత్రి పెట్టుకోవాలె అన్న. సంచులకు వెంటనే ఒప్పుకున్నడు, ఎర్ర సంచులు కూడ తెప్పిచ్చిండు. రేటుకు, టీకాకు పైన అడగాలె అన్నడు.

కొన్ని రోజులకు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద లాండ్రీ కంపెనీ వాళ్లను పిలిచిన్రు. బట్టలకు మిషన్లు, వేడినీళ్ల కొలతలు, బార్‌కోడ్లు అన్నీ ఉన్న కంపెనీ. వాళ్ల రేటు నేను అడిగిన పన్నెండు కంటే ఎక్కువ, పైన నూటికి పద్దెనిమిది జీఎస్టీ. వైద్యం మీద జీఎస్టీ లేదు గనక ఆస్పత్రి ఆ పద్దెనిమిదిని ఎక్కడా వాపస్ తీసుకోలేదు, పూర్తి ఖర్చే. మా లాంటోల్లకు ఏడాదికి ఇరవై లక్షల వ్యాపారం దాటదు, మేం జీఎస్టీ వెయ్యం. మా రేటు ఎందుకంత ముద్దుగుంటదో నాకు ఆ రోజు తెలిసింది. మాకు టాక్స్ లేదు, ఈఎస్ఐ లేదు, టీకా లేదు. ఆ కంపెనీ రేటుల వాళ్ల పనోల్ల టీకా కూడ కలిసే ఉండొచ్చు. మొదట్ల పాన్ కార్డు ఇయ్యలేదని మా బిల్లుల నూటికి ఇరవై టీడీఎస్ పట్టుకున్నరు. ఇచ్చినంక ఒక్క శాతం పట్టిన్రు. కాగితం కావాల్సినకాడ మాత్రం మేం మంచిగనే లెక్కల ఉన్నం.

కంపెనీకి ఇయ్యలే. మాకు తొమ్మిది ఇస్తం, టీకా ఇయ్యం అన్నరు. తొమ్మిదికి నష్టమే, నా పేజీల లెక్క నాకు తెలుసు. మా ఆయన ఒప్పుకుందామన్నడు, మా అత్త వద్దన్నది. మేం వదిలేసినం. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ల బట్టలు, టేబుళ్ల మీద పరిచే గుడ్డలు, కుర్చీ కవర్లు ఉతుకుతున్నం. ముహూర్తాలున్న నెలల్ల తీరిక ఉండదు, మూఢంల పని ఉండదు. పప్పు మరక, కూర మరక.

ఆ మూటలు ఆత్మకూరు దిక్కు ఒక కుటుంబం తీసుకున్నది. ఆయన మాకు వరుసకు అన్న అయితడు. ఫోన్ చేసిన. పీసుకు అయిదున్నర ఒప్పుకున్న అన్నడు. ఎర్ర సంచులు వస్తున్నయా అంటే వస్తున్నయి అన్నడు. టీకా ఏయించుకున్నరా అన్న. ఏం టీకా అన్నడు. ముగ్గురికి మూడు మూడు డోసులు, మందుల షాపు పేరు, ధర, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి అని చెప్పిన. సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలె, దవాఖానల ఏ గదికి పోవాలె, మూడు రోజులు దాటొద్దని చెప్పిన. ఆయన భార్యను ఫోన్ల పిలిచి మళ్లోసారి చెప్పమన్నడు. ఆమె పెన్ను లేదు ఆగు వదినా అన్నది, ఆగి మళ్ల చెప్పిన.